ఇరుకు గది, చురుకు వాయువు

నేను సామాను కదిలిస్తాను. మా ఆవిడ అణువుల్ని కదిలిస్తుంది. నాది ఇళ్ళు మారేవాళ్ళ మంచాలూ బీరువాలూ బండికెక్కించి, చెప్పిన చోట దించే వ్యాపారం. ఆవిడది హైడ్రోజన్ అనే వాయువు ఒక లోహంలోకి ఎలా వెళుతుంది, ఎలా బయటికొస్తుంది అని చూసే పరిశోధన. చూడబోతే ఇద్దరిదీ రవాణాయే. కాకపోతే నా సామాను గుమ్మంలో ఇరుక్కుంటే వీధంతా వినబడేలా అరుస్తాను. ఆవిడ సామాను ఇరుక్కుంటే ఆ వారమంతా మా ఇంట్లో మాటన్నది వినబడదు.

హైడ్రోజన్‌ని మా చిన్నప్పటి బడి పుస్తకాల్లో ఉదజని అనేవారు. దాని గుణగణాలు మా ఆవిడ ద్వారా తెలిశాక నేను ఉడాయిజని అని పేరు మార్చాను. అంత తేలిక, అంత చిన్నది, వెంట్రుకవాసి సందు దొరికితే చాలు ఉడాయిస్తుంది. దాంతో బళ్ళు నడపొచ్చట, పొగ రాదట, వెనకనుంచి నీటి చుక్కలే రాలతాయట. అంతా బాగుంది, దాచేదెక్కడ? సిలిండర్‌లో కుక్కాలంటే వాయువు కన్నా సిలిండరే బరువు. అందుకని మేగ్నీషియం అనే లోహం పొడి చేత దాన్ని పీల్పిస్తారు. స్పాంజి నీళ్ళు పీల్చినట్టు మేగ్నీషియం దాన్ని పీల్చుకుంటుంది. పేచీ అల్లా వదలమన్నప్పుడే. బేకరీ బట్టీని మించిన వేడి పెడితే గానీ వదలదు. వదిలినా, అప్పు తీర్చేవాడిలా కాస్త కాస్త, నసుగుతూ వదులుతుంది.

ఈ సంగతంతా ఆవిడ నాకు వంటింట్లో చెప్పింది. మా వంటిల్లు ఎంతుంటుందంటే, ఒకరు వంగితే ఇంకొకరు ఊపిరి బిగబట్టాలి. దానికీ పక్కనున్న కొట్టుగదికీ మధ్య సన్నపాటి గోడ ఒకటుంది. ఆ గోడ తీయించమని మా అత్తగారు, అంటే మా దగ్గరే ఉండే మా ఆవిడ తల్లిగారు, నా వెంటపడి చాలాకాలమైంది. ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ దాటించేవాణ్ణి, నా ఇంటి గోడ దగ్గర మాత్రం వాయిదా వేస్తూ వస్తున్నాను.

"సినిమా అయిపోయాక పెద్ద హాల్లో నడి మధ్యన కూర్చున్నవాడు ఎప్పటికి బయటపడతాడు?" అని అడిగింది మా ఆవిడ, ఉల్లిపాయ తరుగుతూ.

"ముందున్నవాళ్ళు కదిలినప్పుడు."

"అదే మన వంటింట్లో ఉన్నవాడు?"

"మన వంటింట్లోంచి బయటపడ్డ మగవాడు ఇంతవరకూ లేడు."

"ఒక్క అడుగేస్తే గుమ్మం కదండీ! అదీ విషయం. మేగ్నీషియం గింజ పెద్దదైతే మధ్యలో ఉన్న హైడ్రోజన్ చాలా దూరం నడవాలి. అందుకని మేము దాన్ని బొగ్గులో ఉండే అతి సన్నని రంధ్రాల్లోకి నింపుతాం. కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకి కూడా కనబడనంత సన్నవి. నానో రంధ్రాలు. అందులో ఎక్కడున్నా గోడ పక్కనే ఉన్నట్టు. నడిచే దూరం ఉండదు. పైగా మధ్యలో ఉన్న అణువులు వరసలు కట్టి బుద్ధిగా కూర్చుంటాయి గానీ గోడ పక్కనున్నవి చెదిరి ఉంటాయి. చెదిరిన చోట సందులుంటాయి. సందుంటే హైడ్రోజన్ ఆగుతుందా?"

"ఉడాయిస్తుంది."

"ఆ. ఇంకోటి. వేడి పెట్టినప్పుడల్లా గింజలన్నీ అతుక్కుని ఒకే ముద్ద అయిపోవాలని చూస్తాయి. మధ్యలో గోడలుంటే కుదరదు కదా. అందుకని ఎన్నిసార్లు నింపి ఖాళీ చేసినా అలాగే పనిచేస్తాయి."

"మొత్తానికి ఇరుకులో చురుకు!" అన్నాను.

ఆవిడ కత్తి ఆపి నా వైపు చూసింది. "ఇన్నేళ్ళుగా నేను రాస్తున్నదంతా రెండు ముక్కల్లో తేల్చేశారు."

"ఆ ఇరుకులో కాస్త చురుగ్గా పక్కకి జరగండి అల్లుడుగారూ, కూర మాడుతోంది" అన్నారు వెనకనుంచి అత్తగారు.

నానా తంటాలు పడేవాళ్ళని చాలామందిని చూశాను గానీ నానో తంటాలు పడేది మా ఆవిడ ఒక్కతే. రంధ్రాన్వేషణ ఆవిడకి వృత్తి. మా అత్తగారికి ప్రవృత్తి.

ఆవిడ యంత్రం ఉండే గది మా వంటింటికి కవల పిల్ల. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన కొట్టు. ఆవిడ పనిచేసే సంస్థలో, కింది అంతస్తు నడవా చిట్టచివర, అటూ ఇటూ మందపాటి గోడలతో, కిటికీ అన్నది లేకుండా ఉంటుంది. అందులో ఒక బల్ల, బల్ల మీద యంత్రం. సన్న స్టీలు గొట్టాలు, కవాటాలు, ఒక స్టీలు సీసా, ఒత్తిడి కొలిచే మీటరు, చివర్న చిన్న పొయ్యిలో ఇమిడే గిన్నె. గిన్నెలో నల్లటి పొడి పెట్టి వేడి చేస్తారు. పొడిలోంచి హైడ్రోజన్ వస్తే సీసాలో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి ఎంత వచ్చిందో కంప్యూటరు లెక్క కట్టి తెర మీద గీత గీస్తుంది. గీత లేస్తే మా ఇంట్లో నవ్వులు, పడుకుంటే పస్తులు. ఒత్తిడి కొలవడానికి అంత యంత్రం ఎందుకో నాకర్థం కాదు, సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పే చప్పుడు వింటే నేనే చెప్పేస్తాను.

గదిలో వేడి ఎంతుందో కూడా కంప్యూటరుకి చెప్పాలి. గోడకి మేకేసి ఒక థర్మామీటరు తగిలించారు. రోజూ పొద్దున్నే తలుపు తీయగానే అది చూసి ఆ అంకె కొట్టేస్తారు. రోజుకి ఒక్కసారే. ఎందుకంటే ఆ గదిలో పొద్దున్న ఎంతో సాయంత్రమూ అంతే. బయట ఎండ పేలుతున్నా, వాన కుమ్మేస్తున్నా ఆ గదికి కబురే అందదు. దేవుడి గదికన్నా ప్రశాంతం.

ఇలా ఉండగా పెద్దాయన వస్తున్నారని తెలిసింది. ఆ విద్యలో అందరూ ఆయన్ని పెద్దాయన అనే అంటారు. వచ్చి చూసి, ఈ పని సాగాలో ఆగాలో ఆయన తేలుస్తారు. సాగమంటే ఇంకొన్నేళ్ళు ఢోకా లేదు. ఆగమంటే యంత్రం మళ్ళీ విరిగిన కుర్చీల పక్కకే. ఆయన కళ్ళముందు ఆ వాయువు వస్తేనే ఈ పనికి ఆయువు.

ఆ సంస్థ డైరెక్టరుగారిని నేను మనసులో విశాలం గారు అనుకుంటాను. నోరు తెరిస్తే "విశాలంగా ఆలోచించాలమ్మా" అంటారు. పై అంతస్తులో ఒక హాలు కట్టించారు. ఒక పక్కంతా నేల నుంచి కప్పుదాకా అద్దాల గోడ. అందులోంచి చూస్తే రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఈయన్ని చూసి ఈర్ష్య పడుతున్నట్టే ఉంటుంది.

"పెద్దాయన వచ్చి కొట్టుగదిలో నిలబడతారా? మన పరువేం కాను? యంత్రాన్ని హాల్లోకి మార్పించండి" అన్నారు మా ఆవిడతో.

"ఆ గదిలో మాకేం ఇబ్బంది లేదండీ."

"ఇబ్బంది పడుతున్నట్టు మీకు తెలియకపోవడమే ఇబ్బంది. విశాలంగా ఆలోచించండి."

ఆవిడ ఆలోచించింది. కిటికీ లేని గదిలో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషికి అద్దాల్లోంచి ఆకాశం కనిపిస్తే ఆలోచన అటే పోతుంది కదా. సరేనంది. మార్చే పని నాకే వచ్చింది.

ఆ రోజు మా ఆవిడ "జాగ్రత్త, జాగ్రత్త" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా ఆరోగ్యం గురించి ఇంత శ్రద్ధ ఎప్పుడూ చూపించలేదే అని పొంగిపోయాను. తీరా చూస్తే యంత్రాన్ని అంటోంది. బొంతలు చుట్టి, తాళ్ళు బిగించి, బల్లతో సహా ఎత్తి, ఒక్క గొట్టం వంగకుండా పైకి చేర్చాం. ఆవిడ దగ్గర పరిశోధన చేసే అమ్మాయి ఒకతి ఉంది, ఫోను మోగినా, మోగకపోయినా కంగారు పడుతుంది. నేను కంగారమ్మ అంటాను. ఆ పిల్ల థర్మామీటరుని పసిబిడ్డలా గుండెలకి హత్తుకుని మెట్లెక్కి, హాలు తలుపు పక్కన నీడలో ఒక మేకు చూసి తగిలించింది.

"ఇప్పుడు చూడండి!" అన్నారు విశాలం గారు చేతులు చాపి. "ఊపిరాడుతోందా లేదా?"

"హాలు కాదండీ, హాయి!" అన్నాను, బరువు మోసి నిజంగానే ఊపిరాడక.

మొదటిరోజే గీత లేచింది. పాత గదిలో లేచినట్టు బుద్ధిగా కాదు, నిచ్చెనెక్కి లేచింది. అంతకుముందు ఎప్పుడూ రానంత హైడ్రోజన్, అదీ కేకు కాల్చేపాటి వేడికే. విశాలం గారి కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ గీతని నిలువెత్తు బ్యానరు మీద అచ్చువేయించి సంస్థ గుమ్మం దగ్గర కట్టించారు. బ్యానరు మీద ఒక మూల మా ఆవిడ ఫోటో, మూడు మూలలా ఆయన ఫోటో.

నేను ఆనందంగా ఇంటికి బిస్కట్లు పట్టుకొచ్చాను. మా ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని గోళ్ళు కొరుకుతోంది.

"ఏం డాక్టరమ్మా, బాగా రాలేదా?"

"బాగా వస్తోంది. అదే బెంగ."

"బాగా వస్తే బెంగపడే మనిషిని నిన్నే చూశాను."

"మొన్నటికన్నా నిన్న ఎక్కువ వచ్చింది. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ. ఇవాళ మేము లోపల పెట్టిన దానికంటే ఎక్కువ బయటికొచ్చిందండీ!"

"లాభమే కదా?"

"మీ వ్యాపారంలో లాభం. మీ బండి మీద ఒక మంచం ఎక్కించి, దించేటప్పుడు రెండు దించారనుకోండి, ఏమంటారు?"

"దొంగతనం అంటారు."

"ఆ రెండో మంచం ఎక్కడిదో తేలాలి."

అత్తగారు నా చేతిలో బిస్కట్ల పొట్లం అందుకుని, "దానికి చిన్నప్పట్నించీ అంతే అల్లుడుగారూ. పరీక్షలో మార్కులెక్కువ వేశారని మాస్టారితో పోట్లాటకెళ్ళింది. మార్కులు తగ్గాయి, ఇంటికొచ్చి ఏడ్చింది. ముందు ఈ గోడ సంగతి చెప్పండి" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం హాల్లో వదిలేసిన నా బొంతలు తెచ్చుకుందామని వెళ్ళాను. పై మెట్టు మీదుండగానే కంగారమ్మ ఎదురొచ్చింది. మొహం తెల్లబోయి ఉంది.

"సార్, ఖాళీ గిన్నెలోంచి హైడ్రోజన్ వస్తోంది సార్!"

"ఖాళీ అంటే?"

"ఖాళీ అంటే ఖాళీయే! మేడమ్ పెట్టమన్నారు. కడిగి, ఆరబెట్టి, నేనే బిగించాను. పొడి లేదు, మేగ్నీషియం లేదు, బొగ్గు లేదు. అయినా గీత లేస్తోంది సార్!"

"ఇంకేం, పొడి ఖర్చు కూడా మిగిలింది" అంటూ లోపలికెళ్ళాను.

మా ఆవిడ బల్ల మీదకి వంగి నిలబడి ఉంది. అద్దాల గోడలోంచి పడ్డ ఎండ బల్లని అడ్డంగా రెండు ముక్కలు చేసింది. యంత్రం సగం ఎండలో, సగం నీడలో. ఆవిడ ఒక అరచెయ్యి ఎండలో ఉన్న స్టీలు సీసా మీద, ఇంకో అరచెయ్యి నీడలో ఉన్న గొట్టం మీద పెట్టి కళ్ళు మూసుకుంది, జ్వరం చూస్తున్న తల్లిలా.

"సీసా వేడిగా ఉంది. గొట్టం చల్లగా ఉంది. పట్టుకు చూడండి."

పట్టుకున్నాను. నిజమే.

"పొద్దున్న మేము వచ్చేసరికి హాలు చల్లగా ఉంటుంది. అప్పుడు థర్మామీటరు చూసి ఆ అంకె కొడతాం. తర్వాత ఎండెక్కుతుంది. సీసాలో ముందే కాస్త హైడ్రోజన్ ఉంటుంది కదా, అది వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. మీటరుకి కూడా ఎండ తగిలి మతి చలిస్తుంది. కంప్యూటరుకి ఇదేం తెలుసు? గది చల్లగానే ఉంది, మరి ఒత్తిడి పెరిగిందంటే పొడిలోంచే వచ్చిందనుకుని గీత గీసేస్తోంది."

"అంటే ఇన్నాళ్ళూ గీసింది హైడ్రోజన్‌ని కాదా?"

"కొంత హైడ్రోజన్. మిగతాది ఎండ."

"అద్దంలోంచి వచ్చిన అబద్ధం" అన్నాను.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట పట్టుకుంది, తర్వాత కళ్ళ నీళ్ళు. కంగారమ్మకి అది నవ్వో ఏడుపో తేలక మంచినీళ్ళకి పరుగెత్తింది.

"గోడలు దగ్గరగా ఉంటేనే హైడ్రోజన్ మాట వింటుందని లోకానికి చెప్పి చెప్పి గొంతు పోయిందండీ నాకు. తీరా నేనేం చేశాను? అంత మంచి గోడలు వదిలేసి ఈ మైదానంలోకొచ్చి కూర్చున్నాను! పైగా అలవాటు కూడా వెంట తెచ్చుకున్నాను. రోజుకి ఒక్కసారి థర్మామీటరు! ఆ గదిలో చెల్లింది, ఇక్కడ చెల్లుతుందా?"

"ఇప్పుడేం చేస్తావు?"

నవ్వు ఆగిపోయింది. "పెద్దాయన ఎల్లుండి వస్తున్నారు" అంది.

విశాలం గారి గదిలోకి నేను వెళ్ళకూడదు. కానీ బొంతలు భుజాన వేసుకుని గుమ్మం బయట నిలబడితే ఎవరూ పొమ్మనరు. మా ఆవిడా కంగారమ్మా లోపలున్నారు, తలుపు తీసే ఉంది.

"పరదాలు కట్టిద్దామా సార్?" అంది ముందు కంగారమ్మ.

"అద్దాల గోడకి పరదాలా? ఇంత చేసి కట్టించింది మూసుకోవడానికా?" అన్నారు విశాలం గారు. తర్వాత గొంతు తగ్గించారు. "చూడమ్మా. ఖాళీ గిన్నె పెట్టమని పెద్దాయన అడగరు. పొడి పెడతాం, గీత లేస్తుంది, ఆయన సంతోషిస్తారు. తర్వాత తీరిగ్గా సరిచేసుకుందాం. విశాలంగా ఆలోచించండి."

"ఆయన అడగకపోతే నేనే చెప్తానండీ."

"చెప్తే పని ఆపేస్తారు!"

"ఆపేస్తే ఆగుతుంది. కానీ పాత గదిలో వచ్చింది నిజమండీ. తక్కువే గానీ, నిజం. దాన్ని ఈ ఎండలో కలిపేస్తే రేపు ఏది హైడ్రోజనో ఏది ఎండో నాకే తెలియదు. యంత్రాన్ని కిందికి తీసుకుపోతాను."

లోపల కుర్చీ కిర్రుమంది. "పెద్దాయన్ని ఆ కొట్టులో నిలబెడతారా?" అన్నారాయన నీరసంగా.

"నిలబెట్టను. ఎక్కువమంది దూరితే ఆ గది కూడా వేడెక్కుతుంది. బయట నిలబెడతాను."

హాలనుకుని వెళితే హలాహలమైందని గొణుక్కుంటూ, మళ్ళీ బొంతలు చుట్టి తాళ్ళు బిగించాను. ఒకే సామాను వారం తిరక్కుండా పైకీ కిందికీ మోసినవాణ్ణి మా వ్యాపారంలో నేనొక్కణ్ణే. దించేటప్పుడు మా ఆవిడ జాగ్రత్త అనలేదు. బల్లకి తన భుజం కూడా ఒక పక్క ఆనించి, గుమ్మం దగ్గర అలవాటుగా పొట్ట లోపలికి లాగింది. యంత్రం దాని పాత చోట్లో కూర్చుంది. కంగారమ్మ థర్మామీటరు తగిలించి తలుపు వేసేసింది. ఒక రోజంతా ఎవరూ ఆ తలుపు ముట్టుకోకూడదని మా ఆవిడ ఆజ్ఞ. గది కుదుటపడాలట. పడాల్సింది గదొక్కటే కాదు.

ఆ రోజు ఇంట్లో ఆవిడ బీరువా సర్దింది, అది సర్దే ఉంది. నా చొక్కాలకి గుండీలు బిగించింది, అవి బిగువుగానే ఉన్నాయి. ఆగమంటారేమో అన్న మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. అత్తగారు కూడా గోడ ఊసెత్తలేదు. అంత తీవ్రమైన పరిస్థితి.

పెద్దాయన వచ్చారు. పేరుకే కాదు, అన్ని కొలతల్లోనూ పెద్దాయనే. కారు దిగుతుంటే కారు ఒక బెత్తెడు పైకి లేచింది. గుమ్మం దగ్గర బ్యానరు ముందు ఆగి, కళ్ళజోడు పైకి తోసి, గీతని చాలాసేపు చూశారు. విశాలం గారు బ్యానరు విప్పించడం మర్చిపోయారు. పొగిడితే ఒప్పుకుందామా, తిడితే తప్పుకుందామా అన్నట్టు పక్కనే నిలబడ్డారు. పెద్దాయన "ఊఁ" అన్నారంతే.

నడవా చివర మా ఆవిడ నిలబడి ఉంది. నేనెందుకున్నానంటే, హాల్లోంచి కుర్చీలు కిందికి మోసింది నేను కాబట్టి. తర్వాత పొమ్మని ఎవరూ అనలేదు.

"పైన పెద్ద హాలుందన్నారే?" అన్నారు పెద్దాయన.

"ఉందండీ. అక్కడ పెట్టి తప్పు చేశాం. గుమ్మం దగ్గర మీరు చూసిన గీతలో చాలావరకు ఎండండీ" అంది మా ఆవిడ. మొత్తం చెప్పింది, ఖాళీ గిన్నె సంగతితో సహా, రోజుకి ఒక్కసారి థర్మామీటరు సంగతితో సహా. కంగారమ్మ గోడకి అతుక్కుపోయింది. విశాలం గారు నేల మీద గళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు.

పెద్దాయన మొహంలో ఏ గీతా లేవలేదు, ఏ గీతా పడలేదు.

"లోపలికి రావచ్చా?"

"గిన్నె వేడి చేసేముందు రండి. తర్వాత మళ్ళీ బయటికి వచ్చేయాలి."

ఆయన లోపలికెళ్ళడం చూడాల్సిన దృశ్యం. ముందు భుజం, తర్వాత ఊపిరి, తర్వాత పొట్ట. బీరువాలు దాటించిన అనుభవంతో "కాస్త ఏటవాలుగా తిరగండి సార్" అని సలహా ఇచ్చాను. తిరిగారు, పట్టారు. లోపల గోడలు తట్టి చూశారు, గొట్టాల బిగింపులు వేలితో తడిమారు, థర్మామీటరు దగ్గరికి వంగి చూశారు. బయటికొచ్చేసరికి చొక్కా రెండు భుజాల మీదా సున్నం.

"ముందు ఖాళీ గిన్నె" అన్నారు.

తలుపు మూసి, పొడవాటి తీగతో తెరని నడవాలోకి లాగి స్టూలు మీద పెట్టారు. ఆయన లోపలికెళ్ళి వచ్చినందుకు గది కాసేపు తేరుకోవాలట. అందాకా అందరికీ టీ ఇచ్చారు. పెద్దాయన నన్ను చూసి, "మీరు ఏ విభాగం?" అన్నారు.

"రవాణా అండీ."

"వాయు రవాణాయా?"

"మంచాలూ బీరువాలూ అండీ. వాయువు మా ఆవిడ చూసుకుంటుంది."

ఆయన టీ పొలమారేలా నవ్వారు. నవ్వితే మంచి మనిషిలాగే ఉన్నారు. కానీ నవ్వు వేరు, నిర్ణయం వేరు.

ఖాళీ గిన్నె గీత మొదలైంది. తెర ఈ చివర నుంచి ఆ చివరికి, మంచం మీద పరిచిన దుప్పటిలా చదునుగా సాగింది. ఎక్కడా ముడత లేదు. మా ఆవిడ ఊపిరి వదలడం నాకు వినబడింది. ఖాళీ గిన్నెలో ఏమీ లేదని తేలితే ఇంత ఆనందం ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

సన్నగా ఉంటుంది గనుక కంగారమ్మ లోపలికి దూరి, గాలి తగలకుండా మూసిన నల్లపొడి గిన్నె బిగించి, చిత్రంగా ఏ కంగారూ లేకుండా బయటికొచ్చింది. మళ్ళీ గది తేరుకోవడం, మళ్ళీ టీ. పొయ్యి వేడెక్కుతోంది. గీత పడుకునే ఉంది. ఇంకా పడుకునే ఉంది. విశాలం గారు చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నారు. మా ఆవిడ చెయ్యి నా మోచేతిని ఎప్పుడు పట్టుకుందో తెలియదు గానీ, గోళ్ళు దిగినప్పుడు తెలిసింది.

కేకు కాల్చే వేడి దగ్గరికి వచ్చేసరికి గీత తల ఎత్తింది. బ్యానరు మీద గీతలా నిచ్చెన వేసుకుని కాదు. నిద్రలేచిన పిల్ల మంచం మీద లేచి కూర్చున్నట్టు, కాస్త కాస్త, తర్వాత చకచకా లేచి, ఒక ఎత్తు దగ్గర ఆగి, అక్కడ స్థిరపడింది. బ్యానరు గీతలో సగం కన్నా తక్కువే. కానీ కప్పు టీ చల్లారే లోపు రావాల్సిందంతా వచ్చేసింది.

"చల్లార్చి మళ్ళీ నింపండి. ఇంకోసారి చూస్తాను" అన్నారు పెద్దాయన.

మళ్ళీ నింపారు. మళ్ళీ అంతే వచ్చింది. రెండో గీత మొదటి గీత మీద పడి, ఒకే గీతలా కనబడింది. సాయంత్రానికి మూడోదీ వాటి మీదే పడింది. ఆయన వేలు తెర మీద పెట్టి గీత వెంబడి నెమ్మదిగా జరిపారు.

"గుమ్మం దగ్గర బ్యానరు చూసినప్పుడే ఈ పని ఆపమని రాద్దామనుకున్నానమ్మా. నా అనుభవంలో అంత బాగా ఎక్కడా రాలేదు. అంత బాగా వచ్చిందంటే ఎవరో కళ్ళు మూసుకున్నారని అర్థం. మీరు హాల్లోకి తీసుకెళ్ళి అదే చూపించి ఉంటే, ఖాళీ గిన్నె పెట్టమని నేనడిగేవాణ్ణి." విశాలం గారి వైపు చూడకుండానే అన్నారు. "ఇది తక్కువే. బొగ్గు బరువు ఎక్కువ, అందులో పట్టే మేగ్నీషియం తక్కువ. ఆ సంగతి మీరు చూడాలి."

"అద్దెకున్నవాళ్ళ కంటే గోడలే బరువు" అన్నాను ఆగలేక.

"సరిగ్గా అదే! గోడలు పల్చన చేయండి, కానీ తీసేయకండి. పని సాగించండి. ఈ గదిలోనే."

మా ఆవిడ "సరేనండీ" అంది. కంగారమ్మ ఆనందం పట్టలేక టీ కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టేస్తూ పోయింది, అందులో టీ ఉన్నవి కూడా. విశాలం గారు గొంతు సవరించుకుని, "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను. ఎప్పుడైనా సూక్ష్మంగా ఆలోచించాలి" అన్నారు. ఆ నిమిషం నుంచి ఆయన నా మనసులో సూక్ష్మం గారైపోయారు.

ఆ హాల్లో ఇప్పుడు మీటింగులు పెడుతున్నారు. అవి ఎండెక్కేకొద్దీ వ్యాకోచిస్తున్నాయని వినికిడి. కొట్టుగదిలో మాత్రం థర్మామీటరు పక్కన, కంప్యూటరుకి తీగతో కలిపినది ఇంకొకటి చేరింది. ఇప్పుడు కంప్యూటరే గంటగంటకీ దాన్ని చూసుకుంటుంది. ఆ గదిలో అవసరం లేదు నిజానికి. "ఉండనివ్వండి. నాకు బుద్ధొచ్చినట్టు కంప్యూటరుకి కూడా తెలియాలి" అంటుంది మా ఆవిడ.

పెద్దాయన వచ్చివెళ్ళిన సాయంత్రం నేను విజయగర్వంతో ఇంటికొచ్చి, అత్తగారికి వంటింటి గుమ్మంలోనే ప్రకటించాను. "తేలిపోయిందండీ! ఇరుకులోనే చురుకు! పెద్దాయన స్వయంగా చెప్పారు, గోడలు తీసేయొద్దని!"

అత్తగారు గరిటె పక్కన పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఆయన చెప్పింది హైడ్రోజన్‌కి. నేను మనిషిని. మోకాళ్ళు వంగనిదాన్ని. గోడ ఎప్పుడు తీయిస్తారు?"

దిక్కు తోచక మా ఆవిడ వైపు తిరిగాను. శాస్త్రం నా పక్షాన ఉంది కదా అని.

"రేపే తీయిస్తారమ్మా" అంది ఆవిడ, చెప్పులు విప్పుతూ. ఆ చప్పుడు వింటే తెలిసిపోయింది, ఒత్తిడి సున్నా.

తాపీమేస్త్రీ వచ్చి గోడ తీసేశాడు. కొట్టుగది కలిసి వంటిల్లు రెట్టింపైంది. ఇప్పుడు అటు ఒక బల్ల వేసుకున్నాం, ఇటు రెండు కుర్చీలు. ఎటు చూసినా చోటే. కానీ సాయంత్రమయ్యేసరికి మేము ముగ్గురం వెళ్ళి నిలబడేది మాత్రం పొయ్యి దగ్గర, ఆ పాత మూలలోనే, భుజం భుజం రాసుకుంటూ. మా ఆవిడ ఉల్లిపాయ తరుగుతూ గోడల్ని పల్చన చేయడం గురించి చెబుతుంది. నేను మధ్యలో దూరి ఏదో ఒకటి అంటాను. అత్తగారు నా మీదుగా చెయ్యి చాపి ఉప్పుడబ్బా అందుకుంటూ, "ఇంత చోటు పెట్టుకుని ఇక్కడే ఎందుకండీ అందరూ?" అని విసుక్కుంటారు. విసుక్కుంటారే గానీ, ఆవిడ కూడా జరగరు.